లంక పాయను బాగుచేశాక చేపలు పెరిగాయని ఎలా తేల్చాలి?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: కొల్లిపర వైపు కృష్ణ లంకల్లో రెండు కిలోమీటర్ల పాత పాయ ఉంది, సగటు వెడల్పు 15 మీటర్లు. గుర్రపుడెక్క పట్టి నీళ్లు కనపడడం లేదు. డెక్క తీసి, పాయ నోట్లో పూడిక తవ్వి నదితో కలిపి, గట్ల మీద చెట్లు నాటాలని సంకల్పం. సాల్మన్ అనే చేప ఉండే ఏళ్లను బాగుచేయడానికి అమెరికా వాళ్లు రాసుకున్న మాన్యువల్ ముందు పెట్టుకుని పర్యవేక్షణ ప్రణాళిక రాశారు. మూడేళ్లలో "చేపలు ఇంత శాతం పెరిగాయి" అని చూపిస్తామని నిధులిచ్చేవాళ్లకు మాటిద్దామనుకుంటున్నారు. ఇది సరిపోతుందా అని అడిగారు.

సరిపోదు. మీటర్లు, వలలు, ట్యాగులు అన్నీ జాబితాలో ఉన్నాయి, పోలిక ఒక్కటే లేదు. బాగుచేయని పాయ ఒకటి పక్కన లేకుండా, పని మొదలుపెట్టక ముందు లెక్క చేతిలో లేకుండా, ఎంత ఖరీదైన మీటరు పెట్టినా ఆ పెరుగుదల మీ పని వల్ల వచ్చిందో ఆ ఏడు వరద వల్ల వచ్చిందో తేలదు.

ముందు సాల్మన్ సంగతి. ఆ పద్ధతులు అక్కడ ఎందుకు పనిచేస్తాయో తెలిస్తే ఇక్కడ ఏం తెచ్చుకోవచ్చో తెలుస్తుంది. సాల్మన్ ఏటి గులకరాళ్లలో గుడ్లు పెడుతుంది. పిల్ల కొంతకాలం ఏట్లో పెరిగి సముద్రానికి పోతుంది, పెద్దదై ఎక్కువగా పుట్టిన ఏటికే తిరిగొస్తుంది. అంటే లెక్కపెట్టడానికి రెండు ద్వారాలున్నాయి: పోయే పిల్లలు, వచ్చే పెద్దవి. అమెరికాలో కొలంబియా నది మీద 1938లో కట్టిన బోన్‌విల్ డ్యామ్ దగ్గర చేపలు పైకి ఎక్కడానికి కట్టిన మెట్ల పక్కన అద్దాల కిటికీ ముందు కూర్చుని ఒక్కో చేపనీ లెక్కపెడతారు. పిల్లలు ఎన్ని పోయాయో, పెద్దవి ఎన్ని వచ్చాయో రెండూ తెలుసు కాబట్టి లోపం ఏట్లో ఉందా సముద్రంలో ఉందా అని విడదీయగలరు. మన పాయకు అలాంటి ద్వారాలు లేవు. బొచ్చె, శీలావతి వరదతో వస్తాయి, వరదతో పోతాయి.

కాబట్టి మాన్యువల్‌లోంచి కొన్ని కొట్టేయండి. గులకరాళ్లలో గుడ్ల గూళ్లు లెక్కపెట్టడం, అడుగున సన్న ఇసుక శాతం కొలవడం మనకు అక్కర్లేదు. మన బొచ్చె, శీలావతి గుడ్లు రాళ్ల సందుల్లో నెలల తరబడి ఉండవు. వరద నీటిలో వదులుగా ఉండి, నీరు 28 డిగ్రీల దగ్గర ఉంటే సుమారు 14 నుంచి 20 గంటల్లో పొదుగుతాయి. నీటి ఉరవడికి తిరిగే డ్రమ్ము ఉచ్చు కూడా వద్దు. పాయలో దాన్ని తిప్పేంత ప్రవాహం ఉండదు, వరదలో పెడితే డెక్క చుట్టుకుని గంటలో ఆగిపోతుంది. కరెంటుతో చేపను మైకం కమ్మించి పట్టే పరికరం ఊసే ఎత్తకండి. ఇన్వర్టరు పెట్టి చేపలు పట్టేవాళ్లతో నది ఇప్పటికే వేగుతోంది. మీరూ వైర్లతో దిగితే మత్స్యకారుల సంఘం వాళ్లు మిమ్మల్నీ ఆ లెక్కలోనే కడతారు.

తెచ్చుకోవాల్సినవి మూడు: ముందు–తర్వాత, పని చేసినచోటు–చేయనిచోటు అనే నాలుగు గళ్ల పోలిక; చేప వయసు దశలను విడిగా చూడడం; హేచరీ చేపను సహజంగా పుట్టిన చేప నుంచి వేరుచేయడం. ఈ మూడోదాన్ని ఇక్కడ దాదాపు అందరూ మర్చిపోతారు. అక్కడ హేచరీ సాల్మన్‌లో చాలావాటికి వదిలేముందు వీపు చివర ఉండే చిన్న కొవ్వు రెక్కను కత్తిరిస్తారు. ఆ రెక్క లేకపోతే హేచరీది, ఉంటే చాలావరకు సహజం. ఇక్కడ మత్స్యశాఖ నదుల్లో బొచ్చె, శీలావతి, ఎర్రమోసు పిల్లల్ని వదులుతుంది. వాటికి గుర్తు ఉండదు, అసలు ఆ జాతులకు కొవ్వు రెక్కే లేదు. మీ పాయలో బొచ్చె పిల్లలు మూడింతలైతే అది మీ ఘనతో, ఎగువన వదిలిన లారీ ఘనతో చెప్పలేరు. అందుకే ఆ మూడింటినీ నమోదు చేయండి గానీ ఫలితానికి కొలబద్దగా వాడకండి. కొలబద్దగా ఎవరూ పనిగట్టుకుని వదలని చేపలు కావాలి: పరిగెలు, జెల్లలు, బొమ్మిడాయి, కొరమీను. కొరమీను విషయంలో ఒక మెలిక ఉంది. అది పైకొచ్చి గాలి పీల్చుకోగలదు, ఆక్సిజన్ లేని డెక్క కిందా బతికేస్తుంది. పాయ బాగుపడితే కొరమీను వాటా తగ్గి పరిగెల వాటా పెరగాలి. కొరమీను తగ్గిందని కంగారుపడి నివేదికలో దాచకండి, అది మంచి గుర్తే.

పులసను లక్ష్యంగా రాశారు. తీసేయండి. అది రావడం మీ పాయ మీద కాదు, వరద మీద, సముద్రం మీద, అడ్డుకట్టల మీద ఆధారపడింది. 1975లో ఫరక్కా బ్యారేజీ వచ్చాక గంగలో పైకి ఇలస (పులసకే సముద్రంలో ఉన్నప్పటి పేరు) రావడం బాగా పడిపోయింది. పుస్తెలమ్మైనా పులస తినమన్నారు గానీ, పులస పేరు చెప్పి నిధులు తెమ్మని ఎవరూ అనలేదు.

ఇప్పుడు మూడేళ్ల మాట. చేపల లెక్క ఏడాదికీ ఏడాదికీ దానంతటదే విపరీతంగా ఊగుతుంది. ఆ ఊగు లాగ్ స్కేలు (రెట్లలో మార్పును కొలిచే స్కేలు) మీద ప్రామాణిక విచలనంగా, అంటే సగటు నుంచి మామూలుగా ఎంత తప్పుతుందో చెప్పే అంకెగా, 0.6 అనుకుందాం, అంటే ఒక ఏడు సగటుకు 1.8 రెట్లు, ఇంకో ఏడు సగటులో దాదాపు సగం కావడం మామూలే. పోలిక పాయ లేకుండా నాలుగేళ్లు ముందు, నాలుగేళ్లు తర్వాత కొలిస్తే ప్రామాణిక దోషం, అంటే మన అంచనాలో ఉండే తప్పు, 0.42. 95 శాతం నమ్మకానికి దాన్ని 2.45తో (ఎనిమిదేళ్ల లెక్కకు గణాంక పట్టికలో ఉండే అంకె) గుణిస్తే 1.04. లాగ్ స్కేలు నుంచి మామూలు లెక్కకు తెస్తే, చేపలు 2.8 రెట్లు పెరిగినట్టు కనబడితే తప్ప "పెరిగాయి" అనలేరు. పక్కనే పోలిక పాయ ఉండి, రెండింటి తేడాను మాత్రమే చూస్తే ఉమ్మడి ఊగు కొట్టుకుపోతుంది. విచలనం 0.3కి దిగిందనుకోండి, అదే ఎనిమిదేళ్లలో 1.7 రెట్ల మార్పు పట్టుబడుతుంది. అదే పోలికతో రెండేళ్లు ముందు, మూడేళ్లు తర్వాత మాత్రమే కొలిస్తే హద్దు 2.4 రెట్లు. నిజంగా సరిగ్గా అంతే మార్పు వచ్చినా దాన్ని పట్టుకునే అవకాశం సగానికి సగమే. ఇక్కడి 0.6, 0.3 ఉదాహరణకు వేసుకున్నవి. మీ పాయ అంకెలు మొదటి రెండేళ్లలో తెలుస్తాయి, అప్పుడు ఈ లెక్క మళ్లీ వేయండి.

అమెరికాలోని ఎల్వా నదిలో 2011 నుంచి 2014 మధ్య రెండు డ్యామ్‌లను ఏకంగా పీకేశారు. అంత పెద్ద మార్పుకు కూడా చేప స్పందనను ఏళ్ల తరబడి కొలవాల్సి వచ్చింది. చినూక్ సాల్మన్ ఎక్కువగా మూడు నుంచి ఐదేళ్లకు తిరిగొచ్చే చేప, తరం తిరగకుండా లెక్క తేలదు.

కాబట్టి మీ ఒప్పందంలో మూడేళ్లకు చేపల శాతం రాయకండి. మూడేళ్లలో తేలేవి నీరు, ఆక్సిజన్, డెక్క విస్తీర్ణం, మొక్కల బతుకు. చేపలది ఆరు నుంచి ఎనిమిదేళ్ల లెక్క అని మొదటే చెప్పండి. ఇప్పుడు చెబితే కొంత గొణుగుతారు, మూడో ఏట చెబితే చెక్కు ఆగుతుంది.

పోలిక పాయలు రెండు ఎంచుకోండి, వీలైతే మూడు. ఒక్కటే పెట్టుకుంటే, మీరు మూడో ఏట వెళ్లేసరికి పంచాయతీ వాళ్లు ఉపాధి పనుల్లో అందులో కూడా డెక్క తీయించి ఉంటారు. అది ఊరికి మంచిదే, మీ పోలిక మాత్రం పోతుంది. వెడల్పు, లోతు, గట్టు వాడకం, ఊరి మురుగు కలిసే తీరు మీ పాయను పోలి ఉండాలి. రెంటికీ మధ్య కనీసం రెండు మూడు కిలోమీటర్లు ఎడం ఉంటే చేపలు అటూ ఇటూ తిరిగి లెక్క కలగాపులగం కాకుండా ఉంటుంది. ఇసుక రీచ్ దగ్గర ఉన్న పాయ పోలికకు పనికిరాదు, తవ్వకంతో అడుగు మట్టం ఏటా మారుతుంది. ప్రతి పాయలో వెడల్పుకు 20 నుంచి 40 రెట్లు, అంటే 300 నుంచి 600 మీటర్ల ముక్కను నమూనాకు ఖాయం చేయండి. హద్దు రాళ్లు గట్టుకు లోపల పాతండి. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు దాటాయి. అలాంటి వరదకు ఒడ్డున పాతిన వెదురు గుంజ ఆచూకీ కూడా మిగలదు. గుడి అరుగు, కల్వర్టు గోడ లాంటి కదలని చోట బెంచ్‌మార్క్ పెట్టుకుని, జీపీఎస్ అంకెలు విడిగా రాసుకోండి.

మీ ప్రాజెక్టుకు గుండెకాయ లాంటి కొలత, మీ జాబితాలో లేనిది: పాయ నదితో కలిసి ఉన్న రోజుల సంఖ్య. వరద కాలం తప్పిస్తే బ్యారేజీ దిగువకు వచ్చే నీరు బహు తక్కువ, నీరంతా కాలువలకు పోతుంది. పాయ నోటి దగ్గర మెట్టు ఎంత ఎత్తుందో సర్వేవాళ్లు ఎత్తులు కొలిచే డంపీ లెవెల్‌తో తీసి, నది వైపు సెంటీమీటర్ల గీతలున్న గేజీ పలక ఒకటి, పాయ లోపల ఒకటి బిగించండి. దగ్గర్లో ఉండే ఒకరికి నెలకింత అని ఇచ్చి, రోజూ ఉదయం రెండు పలకల ఫొటో తీసి పంపమనండి. అంకె కాదు, ఫొటోనే పంపాలి. అంకె ఇంట్లో కూర్చుని కూడా రాయొచ్చు. నది మట్టం మెట్టు కన్నా 30 సెంటీమీటర్లు పైన ఉన్న రోజును "కలిసిన రోజు" అనండి. ఒక్క వరద కాలం ఈ లెక్క ఉంటే, మెట్టును అర మీటరు దించితే ఎన్ని రోజులు కలుస్తాయో తవ్వకముందే చెప్పగలరు. బ్యారేజీ నుంచి దిగువకు వదిలిన రోజువారీ క్యూసెక్కులు కూడా పక్క గడిలో రాసుకోండి, చివర్లో విశ్లేషణకు అది తప్పనిసరిగా కావాలి.

ఆక్సిజన్ దగ్గర అందరూ చేసే తప్పు పదకొండింటికి వెళ్లి కొలవడం. డెక్క లేని చోట నాచు ఎండకు ఆక్సిజన్ వదులుతుంది కాబట్టి మధ్యాహ్నం 8 మి.గ్రా. చూపించే నీరే తెల్లవారుజామున 2 చూపించవచ్చు. చేప చచ్చేది ఆ తెల్లవారుజామునే. కొలత ఉదయం ఐదున్నరకూ ఆరున్నరకూ మధ్య, పైన 20 సెంటీమీటర్ల దగ్గర ఒకటి, అడుగుకు 20 సెంటీమీటర్ల పైన ఒకటి. మీటరును రోజూ బయల్దేరే ముందు తడి గాలిలో సరిచేయాలి. 30 డిగ్రీల దగ్గర మంచినీటిలో పూర్తి సంతృప్తత లీటరుకు సుమారు 7.5 మి.గ్రా. సరిచేశాక మీటరు దానికి దగ్గరగా చూపకపోతే ఆ రోజు దాన్ని వాడకండి. నెలకోసారి నాలుగు నమూనాలు వింక్లర్ పద్ధతిలో (రసాయనాలతో ఆక్సిజన్ కొలిచే పద్ధతి) చేసి మీటరుతో సరిచూసుకోండి. ఉష్ణోగ్రతకు అరగంటకోసారి నమోదు చేసే లాగర్లు చాలు. రంధ్రాలు చేసిన తెల్ల పీవీసీ గొట్టంలో పెట్టి కాంక్రీటు దిమ్మకు కట్టి ముంచండి. నల్ల గొట్టంలో పెడితే ఎండకు గొట్టం వేడెక్కి అదే నీటి వేడి అనుకుంటారు. ప్రతి చోటా రెండేసి పెట్టండి, ఒకటి ఎలాగూ పోతుంది.

డెక్క విస్తీర్ణానికి ఉపగ్రహ చిత్రాలు వాడతామన్నారు. సెంటినెల్–2 ఉపగ్రహ చిత్రంలో ఒక్కో చుక్క 10 మీటర్లు, మీ పాయ 15 మీటర్లు. దాదాపు ప్రతి చుక్కలోనూ కొంత నీరు, కొంత గట్టు కలిసి వస్తాయి. ఆ పని ప్రధాన నదికి సరే, పాయకు డ్రోన్ గానీ, ఒకే చోటు నుంచి ఒకే కోణంలో నెలనెలా తీసే ఫోన్ ఫొటోలు గానీ నయం. అనుకూలిస్తే డెక్క రెండు వారాల్లో రెట్టింపవుతుంది, మూడు నెలలకోసారి చూస్తే జరిగిందంతా అయిపోయాక చూసినట్టు. ఇంకో మాట: తీసిన డెక్కను గట్టు మీదే కుప్ప పోస్తే కుళ్లిన రసం మళ్లీ పాయలోకే దిగుతుంది. పని జరిగే వారాల్లో తెల్లవారుజాము కొలత రోజూ ఉంచండి.

చెట్ల విషయం పెద్దగా లేదు. ఏరుమద్ది, కానుగ, నేరేడు నాటితే వంద మొక్కలకు నంబరు బిళ్లలు కట్టి 3, 12, 24 నెలలకు బతికినవి లెక్కపెట్టండి. మేకలు తిన్నవి, వరదకు పోయినవి, ఎండకు ఎండినవి విడివిడిగా రాయండి, మందు వేరు కాబట్టి.

ఇక చేప. ఏడాదికి రెండు విడతలు: వరద తగ్గి నీరు తేరుకున్నాక ఒకటి, ఎండాకాలంలో నీరు మడుగులకు దిగాక ఒకటి. తేదీని కాదు, గేజీ మట్టాన్ని ఖాయం చేయండి. వరద ఒక ఏడు సెప్టెంబరులో తగ్గుతుంది, ఇంకో ఏడు నవంబరు దాకా ఉంటుంది. బాగుచేసిన పాయ, పోలిక పాయలు అన్నీ ఒకే వారంలో పూర్తికావాలి. మత్స్యశాఖ అనుమతి, అక్కడి మత్స్యకారుల సహకార సంఘం ఒప్పుదల ముందే రాతపూర్వకంగా ఉండాలి.

పద్ధతి మామూలుదే చాలు. 12 మిల్లీమీటర్ల కన్ను విసురు వలతో ప్రతి ముక్కలో 20 విసుర్లు, ముందే గుర్తుపెట్టిన చోట్లలో. ఇక్కడ జాగ్రత్త: వల పూర్తిగా విచ్చుకుని వ్యాసార్ధం రెండున్నర మీటర్లు వస్తే దాదాపు 20 చదరపు మీటర్లు కప్పుతుంది. చేయి తిరగనివాడు విసిరితే అందులో సగమే. కాబట్టి ఒకే మనిషి అన్ని పాయల్లోనూ విసరాలి. అతను మానేస్తే, కొత్త మనిషితో కలిపి ఒక విడత ఇద్దరూ పక్కపక్కన విసిరి తేడా తీసుకోవాలి. వల మార్చినా అంతే. చేప పడని విసురు కూడా ఫారంలో సున్నాగా రాయాలి. ఖాళీ గడి అంటే విసరలేదని, సున్నా అంటే విసిరితే పడలేదని. ఈ ఒక్క తేడా తెలియక పాడైన పుస్తకాలు ఎన్నో. విసురు వలకు చిక్కని గట్టువార పరిగెల కోసం పది మీటర్ల దోమతెర వలతో ఐదు లాగుళ్లు. గిల్ నెట్లు (చేప మొప్పల దగ్గర చిక్కుకునే నిలువు వలలు) 20, 40, 60, 90 మి.మీ. కన్నులవి, ఒక్కోటి 25 మీటర్లు, రెండు గంటలకు మించి ఉంచకుండా. రాత్రంతా ఉంచితే చచ్చిన చేపల్ని లెక్కపెట్టుకోవడమే.

ఎండాకాలపు మడుగులో అసలు ఎన్ని ఉన్నాయో కావాలంటే గుర్తుపెట్టి మళ్లీ పట్టడం కుదురుతుంది. 8 సెంటీమీటర్లు దాటిన చేపలకు పొట్ట రెక్క కొసను చిన్న కత్తెరతో కొద్దిగా కత్తిరించి వదలండి. జెల్లకు కొవ్వు రెక్క ఉంది కాబట్టి దాన్నే కత్తిరించవచ్చు. మైకానికి లవంగ నూనె: ఒక మిల్లీలీటరు నూనెను తొమ్మిది మిల్లీలీటర్ల స్పిరిట్‌లో కలిపి, ఆ ద్రావణం పది లీటర్ల నీటికి నాలుగు మిల్లీలీటర్లు. నేరుగా నీటిలో పోస్తే పైన తెట్టులా తేలి చేపకు ఎక్కువ తక్కువలు అవుతాయి. తేరుకున్నాక గాని వదలొద్దు. అలా వదిలినవాటిని ఎవరూ వెంటనే పట్టి తినకుండా సంఘానికి చెప్పాలి. పని ఉదయం తొమ్మిదికి ముగియాలి. నీరు 32 డిగ్రీలు దాటితే ఆపేయండి.

వారం తర్వాత మళ్లీ పట్టండి. మొదటిసారి 180 చేపలకు గుర్తుపెట్టారు, రెండోసారి 150 పట్టారు, అందులో 17కు గుర్తుంది అనుకుందాం. మూడు అంకెలకూ ఒకటేసి కలిపి, 181ని 151తో గుణించి 18తో భాగించి ఒకటి తీసేయండి: 1,517. అంతటితో ఆగితే తప్పు. దీని ప్రామాణిక దోషం 310, అంటే నిజమైన సంఖ్య 900 నుంచి 2,100 మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. నివేదికలో 1,517 ఒక్కటే వేస్తే అది లెక్క కాదు, అలంకారం. మళ్లీ దొరికిన గుర్తు చేపలు పదికి తగ్గితే ఆ విడత అంకె వాడకపోవడమే మేలు. గుర్తున్న చేపలు ఈలోగా చచ్చినా, ఎవరైనా పట్టుకుపోయినా అంచనా పైకి లేస్తుంది: పదో వంతు పోతే 11 శాతం ఎక్కువ వస్తుంది.

వేటగాళ్ల రోజువారీ పట్టు పుస్తకం కూడా పెట్టండి, డబ్బిచ్చే పెట్టండి. కానీ దాన్ని చేపల సంఖ్యగా చదవకండి. చేప గేట్ల కిందో, మిగిలిన ఒక్క మడుగులోనో గుమిగూడితే, మొత్తం చేప తగ్గుతున్నా వలకు పడేది తగ్గదు. పైగా మీరు పాయ బాగుచేశారని తెలిస్తే వలలన్నీ అక్కడికే వస్తాయి. ఎన్ని వలలు, ఎన్ని గంటలు అన్నది లేని పట్టు అంకె దేనికీ పనికిరాదు.

ఇంకొకటి. కొమ్మల గుబుర్లు ముంచితే వారంలోనే చేప చేరుతుంది. అది చేప పెరగడం కాదు, పక్కనుంచి వచ్చి చేరడం. పెరిగిందనడానికి ఆ ఏడు పుట్టిన పిల్లలు పోలిక పాయలోకన్నా ఎక్కువ ఉండాలి, మీ పాయ పక్క ముక్కల్లో తగ్గకుండానూ ఉండాలి. అందుకే పొడవులు మిల్లీమీటర్లలో కావాలి, "చిన్నవి, పెద్దవి" అని కాదు. పేర్ల దగ్గరా అంతే. జెల్ల అని ఊళ్లో పిలిచేవి ఒకటికి మించిన జాతులు, కొలబల్ల మీద పెట్టి ఫొటో తీస్తే తర్వాత సరిచూడొచ్చు. బయటి దేశాల నుంచి వచ్చిపడిన జిలేబి, ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్, డెవిల్ ఫిష్ లెక్క విడిగా పెట్టండి. నదితో కలిపితే అవీ వస్తాయి, మొత్తం బరువు పెరిగిందని సంబరపడితే అందులో సగం అవే కావచ్చు.

చేపల నుంచి నీటిలోకి రాలిన డీఎన్ఏను పరీక్షించడం గురించి అడిగారు. ఇప్పుడే వద్దు. వండ్రు నీటికి వడపోత కాగితం తొందరగా పూడుకుపోతుంది, వచ్చిన ఫలితం ఉందో లేదో చెబుతుంది గానీ ఎన్ని అన్నది నికరంగా చెప్పదు. పైనుంచి చేపల మార్కెట్ కడిగిన నీళ్లు కలిసే చోట అయితే వంజరం, చందువా లాంటి సముద్రపు చేపలు కూడా లంక పాయలో ఉన్నట్టు తేలుతుంది.

ప్రస్తుతానికి తవ్వకం టెండరు ఆపి, ఈ వరదలు మొదలయ్యేలోపు రెండు గేజీ పలకలు, మూడు పాయల హద్దు రాళ్లు, తెల్లవారుజాము ఆక్సిజన్ పుస్తకం మొదలుపెట్టండి. తవ్వకం కనీసం రెండు వరదలు కొలిచాక. నీరు తేరుకున్నాక తీసిన మొదటి విడత ఫారాలు పెన్సిల్‌తో రాసినవే, అదే సాయంత్రం ఫొటో తీసినవి, ఇక్కడ పెడితే గళ్లు సరిపోయాయో లేదో చూసి చెబుతాను.